ఇంటి అక్వేరియంలో అమెజాన్ అడవి వాగు



దక్షిణ అమెరికా అడవుల్లో పారే ఒక చిన్న వాగును మన ఇంట్లో, గాజు తొట్టెలో నమూనాగా ఎలా నిర్మించుకోవచ్చు? ఈనాటి మన ప్రసంగ విషయం ఇదే. వినడానికి ఇది కాలక్షేపం పనిలాగా ఉండవచ్చు. కాని ఈ పనిలో భూగోళం, రసాయన శాస్త్రం, జీవశాస్త్రం, భౌతిక శాస్త్రం అన్నీ కలుస్తాయి. పుస్తకంలో వేర్వేరు పాఠాలుగా చదివినవి ఇక్కడ ఒకే తొట్టెలో ఒకదాని మీద ఒకటి ఆధారపడి కనిపిస్తాయి.

ఉదాహరణకు మనం జంషెడ్‌పూర్ నగరాన్ని తీసుకుందాం. జార్ఖండ్‌లోని ఈ ఉక్కు నగరంలో, కర్మాగారం పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇక్కడ వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. చలికాలం రాత్రుల్లో 10 డిగ్రీల దగ్గరకు పడిపోతుంది. ఏడాది పొడవునా దాదాపు ఒకే వేడిలో బతికే అమెజాన్ చేపకు ఇది కఠినమైన ఊరే. ఇక్కడ సాధ్యమైన పని హైదరాబాదులోను, విశాఖపట్నంలోను కూడా సాధ్యమే.

మన చుట్టూ వాగులుండగా దక్షిణ అమెరికా వాగు ఎందుకు అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. అక్వేరియం దుకాణానికి వెళ్లి చూడండి. నియాన్ టెట్రా, ఏంజెల్, కోరిడోరాస్, గాజుకు అతుక్కుని ఉండే సక్కర్ చేప - ఇవన్నీ దక్షిణ అమెరికా జాతులే. అంటే ఆ ఖండం చేపలు ఎప్పుడో మన ఇళ్లలోకి వచ్చేశాయి. వాటి ఇల్లు ఎలాంటిదో మాత్రం మనం తెలుసుకోలేదు. చేపను తెచ్చుకున్నవారికి దాని వాగును తెలుసుకోవలసిన బాధ్యత ఉంది.

మూడు రకాల నీళ్లు

అమెజాన్ ఒకే నది కాదు, వేలాది ఉపనదుల వ్యవస్థ. ప్రపంచంలోని నదులన్నీ కలిసి సముద్రానికి మోసే నీటిలో దాదాపు ఐదో వంతు దీనిదే. 1848 నుంచి 1852 వరకు ఆ ప్రాంతంలో తిరిగిన ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్, 1853లో ప్రచురించిన తన యాత్రా గ్రంథంలో అక్కడి నదులను నీటి రంగును బట్టి మూడుగా విభజించాడు: తెల్లనీటి నదులు, తేటనీటి నదులు, నల్లనీటి నదులు. 20వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హారాల్డ్ సియోలి ఈ విభజనకు రసాయన పరీక్షల ఆధారం సమకూర్చాడు.

తెల్లనీటి నదులు ఆండీస్ పర్వతాల నుంచి బురద మోసుకొస్తాయి. పాలు కలిపిన టీ రంగులో ఉంటాయి. తేటనీటి నదులు పురాతన శిలల మీద పారుతాయి కనుక బురద తక్కువ. నల్లనీటి నదులు డికాషన్ రంగులో ఉంటాయి. వాటిలో అతి పెద్దది రియో నీగ్రో. ఆ పేరుకు అర్థమే నల్లనది. బ్రెజిల్‌లోని మనౌస్ నగరం దగ్గర ఈ నల్లనది, బురద రంగు సొలిమోయెన్స్ నదితో కలుస్తుంది. ఉష్ణోగ్రతలో, వేగంలో, సాంద్రతలో తేడా ఉండటం వల్ల రెండు నీళ్లు కొన్ని కిలోమీటర్ల దాకా పక్కపక్కనే, కలవకుండా పారతాయి. జంషెడ్‌పూర్ విద్యార్థులకు సంగమం కొత్త దృశ్యం కాదు. ఖర్కాయి, సువర్ణరేఖ నదులు కలిసే దోముహానీ మీ ఊళ్లోనే ఉంది. వర్షాకాలంలో వెళ్లి రెండు నదుల రంగును పోల్చి చూడండి. నీటి రంగు ఆ నది నడిచి వచ్చిన నేల కథ చెబుతుంది.

నీరు నల్లబడటానికి కారణం ఏమిటి? రియో నీగ్రోలోకి వచ్చే వాగులు చాలావరకు ఖనిజ లవణాలు కొట్టుకుపోయిన తెల్లని ఇసుక నేలల మీద పారతాయి. అడవి రాల్చిన ఆకులు ఆ నీటిలో నాని, కుళ్లి టానిన్లను, హ్యూమిక్ ఆమ్లాలను విడుదల చేస్తాయి. సున్నపురాయి ఉంటే ఆ ఆమ్లాలను తటస్థం చేసేది. అక్కడ అది లేదు. అందుకే ఆ నీటి పి.హెచ్. 4, 5 మధ్యకు దిగుతుంది. పి.హెచ్. కొలమానం లాగరిథమ్ మీద ఆధారపడినదని మీరు చదువుకున్నారు. అంటే పి.హెచ్. 7 ఉన్న నీటితో పోలిస్తే పి.హెచ్. 5 ఉన్న నీటిలో హైడ్రోజన్ అయాన్లు రెండు రెట్లు కాదు, వంద రెట్లు ఎక్కువ.

ఆ వాగు నివాసి

మన నమూనాకు కార్డినల్ టెట్రాను ముఖ్య పాత్రగా ఎంచుకుందాం. శాస్త్రీయ నామం పారాకీరోడాన్ ఆక్సెల్రోడి. 1956లో దీన్ని శాస్త్రీయంగా వర్ణించారు. రియో నీగ్రో, ఒరినోకో నదీ ప్రాంతాలు దీని స్వస్థలం. పొడవు మూడు, నాలుగు సెంటీమీటర్లకు మించదు. దీని దగ్గరి బంధువు నియాన్ టెట్రాను 1936లో వర్ణించారు. నియాన్‌కు ఎర్ర చార నడుము నుంచి తోక వరకే ఉంటుంది. కార్డినల్‌కు తల నుంచి తోక దాకా ఉంటుంది. నియాన్ ఎగువ అమెజాన్ వాసి. రెండింటినీ కలిపి పెంచితే తప్పేమీ లేదు గాని, అప్పుడది ఒక వాగు నమూనా అనిపించుకోదు.

ఈ చేప మీది నీలి చార రంగు పదార్థం వల్ల వచ్చినది కాదు. చర్మ కణాల్లో గ్వానిన్ స్ఫటికాల పలకలు పొరలు పొరలుగా ఉంటాయి. వాటి మీద కాంతి పరావర్తనం చెంది నీలంగా కనిపిస్తుంది. సబ్బు బుడగ మీద రంగులు కనిపించడం లాంటిదే ఇది కూడా. తెల్లని గులకరాళ్లు, కళ్లు చెదిరే దీపం ఉన్న తొట్టెలో ఈ చేప వెలవెలబోతుంది. మసక వెలుతురు, గోధుమ రంగు నీరు ఉన్న చోట అదే చార మెరుస్తుంది. చేప అందం చేపలో మాత్రమే లేదు, దాని పరిసరాల్లోనూ ఉందన్నమాట.

తొట్టె నిర్మాణం

ఇప్పుడు నిర్మాణానికి వద్దాం. 90 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 40 ఎత్తు ఉన్న తొట్టెను తీసుకుందాం. పైన నాలుగు సెంటీమీటర్లు వదిలి, ఇసుక, కర్ర ఆక్రమించే చోటు తీసివేస్తే సుమారు 120 లీటర్ల నీరు పడుతుంది. నీరే 120 కిలోలు. ఇసుక, గాజు, స్టాండు కలిపితే మొత్తం బరువు 170 కిలోలు దాటుతుంది. కనుక సమతలంగా, గట్టిగా ఉన్న చోట, గోడ దగ్గరగా పెట్టాలి. కిటికీ ఎండ నేరుగా పడకూడదు.

అడుగున నాలుగు సెంటీమీటర్ల మందాన సన్నని ఇసుక పరచాలి. కోరిడోరాస్ చేపలు మూతితో ఇసుకను జల్లించి ఆహారం వెతుక్కుంటాయి. పదునైన గులకరాళ్లు వాటి మీసాలను గాయపరుస్తాయి. ఇసుకను బకెట్లో వేసి నీరు తేటగా వచ్చేదాకా కడగాలి. తరువాత చిటికెడు ఇసుక మీద వెనిగర్ చుక్కలు వేయండి. బుడగలు వస్తే అందులో సున్నం ఉన్నట్లు. అది నీటి పి.హెచ్.ను పెంచుతుంది కనుక పనికిరాదు.

ఉక్కు నగరంలో మరొక జాగ్రత్త అవసరం. రోడ్ల పక్కన, ఖాళీ స్థలాల్లో నల్లగా, అందంగా కనిపించే స్లాగ్ ముక్కలను రాళ్లనుకుని తొట్టెలో పెట్టకూడదు. ఇనుము, ఉక్కు తయారీలో మలినాలను తొలగించడానికి సున్నపురాయి వాడతారు. ఆ సున్నం చివరకు చేరేది స్లాగ్‌లోకే. వెనిగర్ పరీక్షలో అది పొంగకపోవచ్చు. కాని నీటిలో ఉన్నకొద్దీ క్షారగుణం పెరుగుతుంది. అనుమానం ఉన్న ఏ రాయినైనా వాననీటిలో వారం రోజులు నానబెట్టి, ముందు, తరువాత పి.హెచ్. కొలిచి నిర్ణయించండి. అలాగే దల్మా కొండలు 1976 నుంచి వన్యప్రాణి అభయారణ్యం. అక్కడి నుంచి రాళ్లు, కర్రలు అనుమతి లేకుండా తీసుకురాకూడదు.

వాగులో పడిన కొమ్మలకు, వేళ్లకు బదులుగా బాగా ఎండిన జామ కొమ్మలు వాడవచ్చు. బెరడు తీసి, ఉడకబెట్టి, మునిగేదాకా నీటిలో నానబెట్టాలి. పచ్చికొమ్మలు, జిగురు కారే కొమ్మలు పనికిరావు. వేళ్లు ఒడ్డు నుంచి నీటిలోకి దిగుతున్నట్లు, పై నుంచి కిందికి వాలుగా అమర్చండి. మధ్యలో చేపలు ఈదడానికి ఖాళీ స్థలం ఉండాలి.

ఇక ఆకులు. మన వీధుల్లో పెరిగే బాదం చెట్టు, శాస్త్రీయంగా టెర్మినేలియా కటప్పా, రాల్చిన ఎండుటాకులు ఇందుకు చాలా అనువైనవి. టానిన్లు పుష్కలంగా ఉంటాయి. జార్ఖండ్‌లో టసర్ పట్టుపురుగులను పెంచే మద్దిచెట్లు కూడా ఇదే ప్రజాతికి చెందినవి. దుమ్ము, పొగ పడని చోట రాలిన ఆకులను ఏరి, కడిగి, ముందు ఐదారు మాత్రమే వేయండి. రెండు మూడు రోజుల్లో మునిగి, నీటికి లేత డికాషన్ రంగు వస్తుంది. ఒక్కసారిగా ఎక్కువ వేస్తే అవి కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్‌ను వాడుకుంటాయి.

బాదం చెట్టు అమెజాన్ చెట్టు కాదు కదా అని ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. నిజమే. ఇక్కడే నమూనా అనే మాట అర్థం చేసుకోవాలి. రూపాన్ని అనుకరించడం ఒక పద్ధతి. కారణాన్ని అనుకరించడం మరొక పద్ధతి. ప్లాస్టిక్‌తో చేసిన అమెజాన్ ఆకు రూపంలో సరిగ్గా ఉన్నా నీటిలో ఏ పనీ చేయదు. మన బాదం ఆకు ఆ అడవి ఆకు చేసే పని చేస్తుంది: ఆమ్లాలు ఇస్తుంది, నీడనిస్తుంది, సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. మనకు కావలసింది ఆ పని.

నీటి తయారీ

కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. అది చేపల మొప్పలకు హాని చేస్తుంది. నీటిని వెడల్పు పాత్రలో 24 గంటలు గాలి పంపుతో ఆడించాలి, లేదా సోడియం థయోసల్ఫేట్ ద్రావణం కలపాలి. బోరు నీరైతే కఠినత్వం సమస్య. దీనికి వాననీరు మంచి ఉపాయం. లెక్క చూడండి: 10 చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 100 లీటర్ల నీరు వస్తుంది. లీటరుకు 200 మిల్లీగ్రాముల కఠినత్వం ఉన్న నీరు ఒక వంతు, వాననీరు మూడు వంతులు కలిపితే కఠినత్వం 50కి దిగుతుంది. పారిశ్రామిక నగరంలో గాలిలో ధూళి ఎక్కువ కనుక తొలకరి జల్లులు వదిలేసి, డాబా కడిగినట్లయిన తరువాత పడే నీటిని పట్టుకోవాలి. వాననీరు లేనప్పుడు ఆర్.ఓ. నీరు వాడవచ్చు.

అయితే పి.హెచ్.ను 4.5కు దించవలసిన అవసరం లేదు. 6 నుంచి 6.8 వరకు ఉంటే చాలు. కారణం తరువాతి అంశంలో ఉంది.

కంటికి కనిపించని పనివారు

చేప విసర్జనలో, మిగిలిన ఆహారంలో నుంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం. కొన్ని బాక్టీరియాలు అమ్మోనియాను నైట్రైట్‌గా, మరికొన్ని నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ పని చేసే సూక్ష్మజీవులను 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ వేరుచేసి చూపాడు. నైట్రైట్ కూడా ప్రమాదమే. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయనివ్వదు. నైట్రేట్ హాని వాటితో పోలిస్తే చాలా తక్కువ. దాన్ని వారం వారం నీరు మార్చి తొలగిస్తాం.

ఈ బాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో, ఇసుకలో స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో తొట్టెలో చేపలు ఉండకూడదు. రోజూ చిటికెడు చేప మేత మాత్రం వేయాలి. అది కుళ్లి అమ్మోనియా ఇస్తుంది. దుకాణాల్లో దొరికే పరీక్షా ద్రావణాలతో మూడు రోజులకొకసారి కొలిచి గ్రాఫు గీయండి. ముందు అమ్మోనియా గీత లేచి పడుతుంది. తరువాత నైట్రైట్ గీత లేచి పడుతుంది. చివరకు నైట్రేట్ గీత పెరుగుతుంది. మొదటి రెండూ సున్నాకు వచ్చి నిలిచిన రోజునే చేపలకు ఇల్లు సిద్ధమైనట్లు. కొత్త తొట్టెల్లో వారం తిరగకుండా చేపలు చనిపోతే చాలామంది చేప మంచిది కాదనుకుంటారు. నిజానికి ఆ చేప పనివారు లేని ఊరిలోకి వచ్చింది.

పి.హెచ్. బాగా తగ్గితే ఈ బాక్టీరియా మందగిస్తాయి. పి.హెచ్. 8కి పెరిగితే మరో ప్రమాదం: 25 డిగ్రీల దగ్గర పి.హెచ్. 7లో మొత్తం అమ్మోనియాలో విషరూపం ఒక శాతం కన్నా తక్కువ. అదే పి.హెచ్. 8లో సుమారు ఐదు శాతం. 6, 6.8 మధ్య ఉంచమన్నది ఈ రెండింటి నడుమ సమతూకం కోసమే.

ఎండ, చలి, కరెంటు

ఈ చేపలకు 24 నుంచి 28 డిగ్రీల వేడి కావాలి. చలికాలానికి థర్మోస్టాట్ ఉన్న 150 వాట్ల హీటరు చాలు. 120 లీటర్ల నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 500 కిలోజౌళ్లు కావాలి. 150 వాట్ల హీటరుకు అందుకు దాదాపు గంట పడుతుంది. కరెంటు పోయినప్పుడు నీరు వెంటనే చల్లారిపోకపోవడానికి కారణం కూడా ఈ అధిక విశిష్టోష్ణమే. తొట్టె మీద దుప్పటి కప్పితే మరికొంత సమయం దొరుకుతుంది.

వేసవిలో సమస్య రెండు రకాలు. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర 7.5 మాత్రమే. వేడికి చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, దొరికేది తగ్గుతుంది. మూత తీసి సన్నని వల కప్పి, నీటి మీదుగా చిన్న ఫ్యాను గాలి తగిలేలా పెట్టండి. ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే సుమారు 2,400 కిలోజౌళ్ల ఉష్ణం కావాలి. అందులో చాలా భాగాన్ని తొట్టెలోని నీరే ఇస్తుంది. మట్టికుండలో నీరు చల్లబడే సూత్రమే ఇది. ఏప్రిల్, మే నెలల పొడిగాలిలో ఇది బాగా పనిచేస్తుంది. జూలై ఉక్కపోతలో అంతగా పనిచేయదు. ఆవిరయ్యేది నీరే, లవణాలు తొట్టెలోనే మిగులుతాయి. కనుక తరిగిన నీటిని వాననీటితో గాని, ఆర్.ఓ. నీటితో గాని నింపాలి. కుళాయి నీరు పోస్తూ పోతే కఠినత్వం పెరుగుతుంది. కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ గాలి పంపు ఒకటి ఇంట్లో ఉండాలి.

దీపం రోజుకు ఎనిమిది గంటలు చాలు. ఫిల్టర్ ప్రవాహం మెల్లగా ఉండాలి. ముందు పది కార్డినల్‌లను, రెండు వారాల తరువాత మరో పదింటిని, ఆపైన ఆరు కోరిడోరాస్‌లను చేర్చండి. ఏంజెల్ చేప అందమైనదే గాని, పెరిగాక చిన్న టెట్రాలను మింగుతుంది. మేత రోజుకు ఒకటి రెండు సార్లు, రెండు నిమిషాల్లో తినగలిగినంతే. వారానికి ఐదో వంతు నీరు మార్చాలి. ఫిల్టర్ స్పాంజిని తొట్టెలో నుంచి తీసిన నీటిలోనే పిండాలి. కుళాయి కింద కడిగితే ఆరు వారాల పనివారు ఒక్క నిమిషంలో పోతారు.

తొట్టె బయట మన బాధ్యత

చివరగా అతి ముఖ్యమైన విషయం. మన చెరువులను కప్పేసే గుర్రపుడెక్క ఎక్కడిదో తెలుసా? అదీ అమెజాన్ ప్రాంతపు మొక్కే. పువ్వు అందంగా ఉందని దేశదేశాలకు తీసుకుపోయారు. ఈనాడు ఆంధ్రప్రదేశ్ చెరువుల్లో, కృష్ణా నదిలో జాలర్ల వలలను చింపే సక్కర్ చేప కూడా దక్షిణ అమెరికాదే. గాజు తొట్టెలో నాచు తింటుందని తెచ్చుకుని, పెద్దదయ్యాక నీళ్లలో వదిలేస్తే ఇలా అవుతుంది. అక్వేరియం చేపను, మొక్కను, చివరకు కడిగిన నీటిని కూడా ఖర్కాయిలోగాని, సువర్ణరేఖలోగాని, ఊరి చెరువులోగాని వదలకండి. పెంచలేకపోతే పెంచగలిగినవారికి ఇవ్వండి, లేదా దుకాణంలో అప్పగించండి. ప్రాణి మీద దయతో నదిలో వదిలామనుకుంటాం. ఆ దయకు ఆ నదిలోని చేపలు మూల్యం చెల్లిస్తాయి.

దీనికి మరో పక్క కూడా ఉంది. రియో నీగ్రో తీరాన బార్సెలోస్ అనే పట్టణంలో కార్డినల్ చేపలను పట్టి అమ్మడం ఎన్నో కుటుంబాల జీవనాధారం. అక్కడ 1989లో నింగ్ లబ్బిష్ చావో అనే మత్స్య శాస్త్రవేత్త పియాబా ప్రాజెక్టును ప్రారంభించాడు. స్థానికులు చిన్న చేపను పియాబా అంటారు. దాని ఆలోచన సులభమైనది: చేపల వల్ల బతుకు దొరికితే ప్రజలు అడవిని నరకరు, ఎందుకంటే అడవి పోతే చేప పోతుంది. ఒక చేప కొనడం ఒక చెట్టును నిలబెట్టవచ్చు, ఒక చేపను వదలడం ఒక నదిని పాడుచేయవచ్చు. రెండూ మన చేతిలో ఉన్నాయి.

విద్యార్థులారా, తొట్టె కొనే స్తోమత అందరికీ ఉండకపోవచ్చు. అయినా ఈ పాఠం మీకు అందుబాటులోనే ఉంది. రెండు గాజు సీసాల్లో వాననీరు పోయండి. ఒకదానిలో బాదం ఆకు వేయండి, రెండోదానిలో ఏమీ వేయకండి. వారం రోజులు లిట్మస్ కాగితంతోగాని పి.హెచ్. కాగితంతోగాని పరీక్షించి నమోదు చేయండి. మీ ఊరి వాగు దగ్గరకు వెళ్లి అడుగున ఇసుక ఉందా, బురద ఉందా, ఏ చెట్ల ఆకులు పడుతున్నాయి, నీటి రంగు ఏమిటి అని రాసుకోండి. వేల మైళ్ల దూరంలోని వాగును అర్థం చేసుకోవడానికి ఏ ప్రశ్నలు వేశామో, ఇంటి పక్క వాగుకూ అవే ప్రశ్నలు. వాటికి జవాబులు రాసుకున్నవారు ఆ వాగులో చెత్త పడుతుంటే చూస్తూ ఊరుకోలేరు.